తాడు ఎవరైనా లాగొచ్చు

“కంచం తీసెయ్. నాకు ఆకలిగా లేదు.”

నిన్న సాయంత్రం నుంచి అత్తగారు కోడలితో అన్న మొదటి మాట అది. అనేసి ఆవిడ మంచం మీద అటు తిరిగి కూర్చుంది. హాల్లో ఒక గోడ నిండా కోడలు అంటించిన చీటీలున్నాయి. ఆవిడ సరిగ్గా ఆ గోడకే వీపు పెట్టింది.

కోడలు కంచం తీసింది. తియ్యక ఏం చేస్తుంది? బతిమాలడం అయిపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అయిపోయింది. ఇక మిగిలింది కంచం తియ్యడమే.

“కొంచెం తిను నాయనమ్మా. అమ్మ మీద కోపమైతే అన్నమేం చేసింది?” అంది మనవరాలు. ఏడో తరగతి చదువుతోంది. ఆ నోటికి ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు.

“నాకెవరి మీదా కోపం లేదు,” అంది పెద్దావిడ.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. కోడలి మీద కోపం కంచం మీద చూపించడం ఈ ఇంట్లోనే చూడాలి. అయినా ఆవిణ్ణి అనడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? నిన్న ఆవిడ కంటి ఆపరేషను. కుడికంటికి శుక్లం బాగా ముదిరింది, ఇంకా నాన్చితే కష్టమని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఆవిడ శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఆస్పత్రి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కొడుకు బస్సులో టిక్కెట్లు కొడుతున్నాడు. కోడలు మిక్సీల ఫ్యాక్టరీలో లైను దగ్గర నిలబడి ఉంది. పిడుగు బడిలో ఉంది. ఎండ వరండా దాటిపోయేదాకా చూసి, చూసి, ఆవిడ కాగితాలు లోపల పెట్టుకుంది. కుర్చీ కూడా తనే మోసుకొచ్చుకుంది.

ఎవరూ రాలేదు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

సాయంత్రం కొడుకు డ్యూటీ దిగి, ఇంట్లోకి వస్తూనే పెళ్ళాన్ని అడిగాడు.

“ఏమోయ్, ఎలా అయింది?”

“ఏది?”

“అమ్మ కన్ను.”

ఆ ఒక్క మాటతో కోడలికి కాళ్ళ కింద నేల కదిలింది. ఆపరేషను నిన్ననని ఆమెకి తెలియనే తెలియదు.

ఇదే కోడలు ఫ్యాక్టరీలో ఎలాంటి మనిషో తెలుసా? ఆమె సెక్షన్లో స్క్రూడ్రైవరు పెట్టాల్సిన చోట స్క్రూడ్రైవరు బొమ్మ గీసి ఉంటుంది. తీసిన వస్తువు ఆ బొమ్మ మీదికే తిరిగి రావాలి. అక్కర్లేనిదానికి ఎర్ర చీటీ పడుతుంది, అది మూలకి పోతుంది, అక్కడా ఎవరూ అడక్కపోతే బయటికి పోతుంది. రేపు హెడ్డాఫీసు నుంచి పెద్దలు ప్రత్యేకంగా ఆ సెక్షన్ చూడ్డానికే వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే అంతస్తు మొత్తం ఈమె చేతికి ఇస్తామన్నాడు మేనేజరు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈమె ముందు రచ్చ గెలిచొచ్చి ఇంట్లో బోర్లా పడింది.

పడిందా అంటే, నడిచే దారిలో గుంట చూసుకోక పడలేదు. ఆ గుంట పూడ్చడానికి వెళ్ళి అందులోనే పడింది. పనులు మర్చిపోతున్నామని, ఒకటి మొదలుపెట్టి ఇంకోటి వదిలేస్తున్నామని, ఫ్యాక్టరీ పద్ధతి ఇంటికి తెచ్చింది ఈమే. ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, ఎవరి బుర్రలో ఏ పనులున్నాయో అన్నీ బయటికి చెప్పించింది. అటకమీద సామాను దించినట్టే దించింది. చెయ్యక్కర్లేని వాటిని అక్కడికక్కడే చింపేసింది. మొగుడి ‘ఈత నేర్చుకోవాలి’ అందులోనే పోయింది. మిగిలినవి చీటీల మీద రాసి గోడ మీద మూడు గడుల్లో పెట్టింది. చెయ్యాలి. చేస్తున్నాం. అయింది.

రూలు ఒకటే. మధ్య గడిలో మనిషికి రెండు చీటీలకి మించి ఉండకూడదు. చేతిలో ఉన్నది తెమలందే కొత్తది ముట్టుకోకూడదు.

నాలుగు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. కారుతున్న కుళాయి ఆగింది. పిడుగు పుస్తకాలకి అట్టలు పడ్డాయి. ఐదో వారం అత్తగారి కన్ను తప్పిపోయింది.

*

గేటు చప్పుడైంది. కొడుకు వచ్చాడు. మధ్యాహ్నం డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి ఆస్పత్రికి వెళ్ళాడు. నిన్నటి నుంచి తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్న మనిషి, ఇప్పుడు మాత్రం మొహం కొంచెం వెలుగుతోంది.

“అమ్మా, దొరికింది! మళ్ళీ తేదీ అంటే రెండు నెలల తర్వాతే అన్నారు. నేను అక్కడే బల్ల మీద కూర్చున్నా, కదల్లేదు. ఇంతలో ఎవరికో షుగరు ఎక్కువుందని వాయిదా వేశారు. ఆ చోటు మనకిస్తారట. రేపు పొద్దున్నే.”

పెద్దావిడ కదల్లేదు.

“ఆరింటిలోపల ఫోన్ చేసి వస్తామని చెప్పాలి. లేకపోతే వెనకాలవాళ్ళకి ఇచ్చేస్తారు. చెప్పెయ్యనా?”

“చెప్పెయ్. రావట్లేదని చెప్పెయ్.”

“అమ్మా!”

“నాకో కన్నుందిరా. పోయేదాకా అది చాలు. మీ డ్యూటీలు పాడుచేసుకోకండి.”

“కాజాలెలా కుడతావు ఒక కంటితో?”

అది అడక్కుండా ఉండాల్సింది. ఆవిడ మెడ ఇంకాస్త బిగిసింది. పెళ్ళికి ముందు నుంచి ఆవిడ దర్జీల దగ్గర చొక్కాలకి కాజాలు తీసి, కుట్టి, గుండీలు వేస్తూ బతికిన మనిషి. ఒకప్పుడు సందు చివర దర్జీ, ఈవిడ చెయ్యి పడందే చొక్కా బయటికి పంపేవాడు కాదు. మొన్నామధ్య అతనే వచ్చి, మొహమాటపడుతూ నాలుగు చొక్కాలు వెనక్కిచ్చాడు. కాజాలు వంకరపోయాయని నోటితో అనలేదు. “తొందరేం లేదు పిన్నీ, కన్ను బాగయ్యాకే కుట్టు,” అన్నాడు. ఆ చొక్కాలు ఇప్పటికీ మంచం కింద బుట్టలో ఉన్నాయి.

కొడుకు తల గోక్కుంటూ వంటింట్లోకి వచ్చాడు. కోడలు అక్కడ కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

“విన్నావుగా.”

“విన్నాను.”

“ఇదంతా నా వల్లే అంటావు. అను. అనేస్తే ఓ పని అయిపోతుంది.”

“అనను,” అంది కోడలు. చేతులు తుడుచుకుంది. “ఫ్యాక్టరీలో పని చెడితే ఎవరి వల్ల అని అడగం. ఎందుకు అని అడుగుతాం. జవాబు రాగానే మళ్ళీ ఎందుకు అంటాం. ఐదుసార్లు అడిగితే గానీ అసలు సంగతి బయటపడదు.”

“ఇప్పుడా? ఆరింటికి ఫోన్ చెయ్యాలి!”

“ఇప్పుడే. నిన్నటి నుంచి మీరూ నేనూ మొహాలు మాడ్చుకుని తిరగడం తప్ప చేసిందేం లేదు.”

“నేను లెక్కపెడతా,” అంటూ పిడుగు గట్టెక్కి కూర్చుంది. ఐదు వేళ్ళూ చాపింది.

కోడలు మొదలుపెట్టింది. “నిన్న నేను సెలవు ఎందుకు పెట్టలేదు? ఆపరేషను నిన్ననని తెలియదు కాబట్టి. ఎందుకు తెలియదు?”

“చీటీ మీద తేదీ రాశాను,” అన్నాడు మొగుడు. “పెద్దగా రాశాను. తేదీ నేను తెస్తే, నువ్వు తీసుకెళ్తానన్నావు కదా. నువ్వు చూస్తావనుకున్నా. నా డ్యూటీ తెల్లారకముందు, నీ షిఫ్టు తెల్లారాక. మాట్లాడుకునేదెప్పుడు? అందుకేగా గోడ.”

“రాసి ఎక్కడ పెట్టారు?”

ఆయన నేల చూశాడు. “మూడో గడిలో.”

“మూడో గడి ఎవరైనా చూస్తారా? అయిపోయినవి కదా అక్కడుండేవి! సరే. రెండో ఎందుకు అయింది. మూడోది. అత్తయ్య ఆస్పత్రికి వెళ్ళకుండానే చీటీని మూడో గడిలో ఎందుకు పెట్టారు?”

ఆయన తిట్లు తినడానికి సిద్ధపడ్డ పిల్లాడిలా గబగబా అనేశాడు.

“మధ్య గడిలో చోటు లేక.”

“ఏంటీ?”

“నావి అప్పటికే రెండున్నాయి. బస్సు పాసుల లెక్కొకటి, అమ్మ కన్నొకటి. కుళాయి కారుతోంది, అది మొదలుపెట్టాలి. మూడోది పెడితే నువ్వు ఊరుకోవు. అమ్మది నా వంతు అయిపోయింది కదా, తేదీ తెచ్చేశాను కదా అని... జరిపాను. కుళాయి పెట్టాను.”

పిడుగు కిసుక్కున నవ్వింది. వాళ్ళమ్మ వైపు చూసి మింగేసింది.

కోడలికి నవ్వు రాలేదు. కోపం వచ్చింది, కానీ నిన్నటి నుంచి మొగుడి మీద పెట్టుకున్న కోపం కాదు. రూలు ఎవరిది? తనది. రెండిటికి మించితే ఊరుకోనన్నది ఎవరు? తను. మనిషి రూలు దాటలేక సగం పనిని అయిపోయిన వాటిలోకి తోసేశాడు. ఫ్యాక్టరీలో ఇదే జరిగితే ఏమనేది? సగం బిగించిన మిక్సీని డబ్బాలో పెట్టి మూసేసినవాణ్ణి వదిలేసి, అలా మూసేలా లైను పెట్టిందెవరని అడిగేది.

“నాలుగోది నేను చెప్తా,” అంది నెమ్మదిగా. “సగం పని అలా జరపడానికి ఎందుకు కుదిరింది? తేదీ తేవడం వేరు, మనిషిని తీసుకెళ్ళడం వేరు. రెండు పనులు, ఇద్దరు మనుషులు. నేనేమో ఒకే చీటీ మీద ‘అత్తయ్య కన్ను’ అని రాసి అంటించాను. తప్పు అక్కడే పుట్టింది. అది నాది.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. “సగం నాది కూడా. అడిగితే పోయేది.”

“అడగాల్సింది.”

“నిన్ను చూస్తే భయమోయ్. గోడ ముందు చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడతావు చూడు, అచ్చం మా టిక్కెట్ ఇన్‌స్పెక్టరే.”

అప్పుడు నవ్వొచ్చింది ఆమెకి. కళ్ళు కూడా చెమర్చాయి.

“ఇంకోటుంది,” అంది పిడుగు, చిటికెన వేలు ఎత్తి పట్టుకుని. “ఐదోది అడగలేదు.”

“చాల్లే, అసలు సంగతి తెలిసిందిగా.”

“తెలీలేదు. నిన్న పొద్దున నువ్వు ఫ్యాక్టరీకి వెళ్తుంటే నాయనమ్మ లేచే ఉంది. నీ టిఫిన్ డబ్బా తనే తెచ్చి చేతికిచ్చింది. ఆపరేషను ఆ రోజేనని తనకి తెలుసు, తనకి ముందే చెప్పానని నాన్న నిన్న అన్నాడుగా. నువ్వు వెళ్ళిపోతుంటే చూస్తూ కూడా ఎందుకు చెప్పలేదు?”

కోడలు గట్టు మీదున్న టిఫిన్ డబ్బా వైపు చూసింది.

నిజమే. డబ్బా ఇచ్చింది. “నిదానంగా వెళ్ళు,” అని కూడా అంది. ఒక్క మాట అంటే చాలు, తను గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగేది. అసలు తర్వాతైనా ఫోన్ చెయ్యొచ్చు. పక్కింటివాళ్ళతో చేయించొచ్చు.

“పంతం,” అన్నాడు కొడుకు. “అడిగించుకోవడం అమ్మకి చేతకాదు.”

“అత్తయ్యని అడుగుదామా?”

“ఇప్పుడు అడిగితే ‘నా తప్పంటారా’ అంటుంది. ఇంకో రెండు నెలలు కంచం ముట్టుకోదు.”

*

గోడ గడియారం ఐదు దాటింది. కోడలు గోడ ముందు నిలబడింది. చెయ్యి నడుం మీదికి వెళ్ళబోతే దించేసుకుంది.

ఫ్యాక్టరీలో లైను పొడుగునా తల మీద ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. ఎక్కడ తేడా వచ్చినా, ఎవరైనా సరే, తాడు లాగితే లైను ఆగుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొదట్లో దాన్ని ముట్టుకోరు. చెడిన ముక్కని కూడా చూసీ చూడనట్టు ముందుకి తోసేస్తారు. వాళ్ళకి ఈమె ఒకటే చెప్పేది. “తాడు లాగినవాళ్ళని నేను తిట్టను. థాంక్స్ చెప్తాను. లాగకుండా ఊరుకుంటే అప్పుడు చెప్తా మీ పని.” నెల తిరిగేసరికి పిల్లలు భయం లేకుండా లాగేవాళ్ళు.

ఇంట్లో గడులు పెట్టింది. చీటీలు పెట్టింది. రూలు పెట్టింది. తాడు మాత్రం పెట్టలేదు. ఈ ఇంట్లో ఎవరికి ఏ తేడా వచ్చినా, నోరు మూసుకుని ముందుకి తోసెయ్యడమే.

“ఏవండీ,” అని పిలిచింది. “ఒక తాడూ, ఒక గంటా కావాలి.”

మొగుడి మొహం చూడాలి అప్పుడు! దొంగ దొరికినట్టూ ఉంది, లాటరీ తగిలినట్టూ ఉంది.

“అటక మీద ఉంది. పాత బస్సు గంట. తాడుతో సహా. డిపోలో పారేస్తుంటే తెచ్చుకున్నా.”

“దానికి ఎర్ర చీటీ వేశాను కదా! పారేశానన్నారు?”

“పారేశానని అన్నాను,” అని ఆయన స్టూలు ఎక్కాడు.

తాడు ఒక కొస పెద్దావిడ మంచం కోడుకి కట్టారు. రెండో కొస హాలు మీదుగా వంటింటి గుమ్మానికి పోయింది. అక్కడ గంట. కట్టినంతసేపూ పెద్దావిడ చెవులు ఇటే ఉన్నాయి, మొహం మాత్రం అటే.

“ఏంట్రా అది?”

“బస్సు గంటమ్మా. ఒకసారి కొడితే బస్సు ఆగాలి. రెండుసార్లు కొడితే కదలాలి. అంతే.”

“నన్నెక్కించుకుని ఎక్కడికి తోలుతారు?”

కోడలు మంచం పక్కన నేల మీద కూర్చుంది. “అత్తయ్యా, ఇది ఎవరైనా లాగొచ్చు. మీరు, నేను, పిడుగు, అందరం. ఒకసారి మోగితే మిగతావాళ్ళు చేతిలో పని వదిలేసి రావాలి. వచ్చి నోరు మూసుకుని వినాలి. లాగినవాళ్ళని ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఎందుకు లాగావనీ, ఇప్పుడా లాగేదనీ అనకూడదు.”

“బాగుంది సంబడం. మొన్న చీటీలు, ఇవాళ గంటలు. రేపు నా మెడలో కూడా కడతారేమో.”

“నేనొక మాట చెప్పాలి,” అంది కోడలు. చెప్పే ముందు చెయ్యి చాపి, తాడు తనే లాగింది. టంగుమని గంట మోగింది. వంటింట్లోంచి పిడుగు పరిగెత్తుకుంటూ వచ్చింది. కొడుకు స్టూలు మీదే ఆగిపోయాడు.

“ఆపరేషను నిన్ననని నాకు తెలియదు అత్తయ్యా. తెలిసి రాకుండా ఉండలేదు. కానీ తెలియకపోవడం నా తప్పే. మీ కన్ను గురించి గోడని నమ్మాను, మిమ్మల్ని ఒక్కసారి అడగలేదు. గోడ మీద నేను రాసింది మీకు కనపడదని కూడా నాకు తోచలేదు.”

పెద్దావిడ ఏమీ అనలేదు. రూలు అదే కదా. కానీ మెడ కొంచెం ఇటు తిరిగింది.

కోడలు లేచి వెళ్ళి మూడో గడిలోంచి ఆ చీటీ పీకింది. రెండుగా చింపింది. తేదీ రాసిన ముక్క పారేసి, ‘కన్ను’ అన్న ముక్క పిడుగుకి ఇచ్చింది. పిడుగు తెల్ల అట్ట మీద, బొగ్గులాంటి నల్లరంగుతో లావుగా ‘కన్ను’ అని రాసుకొచ్చింది. అక్షరాలు అరచెయ్యంత ఉన్నాయి.

“ఇది మీ దగ్గరే ఉంటుంది,” అంటూ కోడలు ఆ అట్టని అత్తగారి చేతిలో పెట్టింది. “మీ కన్ను మీది. గడి జరపాలన్నా మీరే జరపాలి. వద్దంటే చింపెయ్యండి.”

అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. చూడకుండా ఉండటం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

*

ఐదున్నర అయింది. పావు తక్కువ ఆరు అవబోతోంది. ఆస్పత్రి నంబరు నొక్కి పెట్టుకుని కొడుకు ఫోను వైపూ, గంట వైపూ చూస్తున్నాడు.

“మోగదోయ్. మా అమ్మ నాకు తెలుసు.”

“మోగకపోతే పోనీండి. తాడు అక్కడే ఉంటుంది.”

గంట మోగింది.

ఒక్కటే. అదీ గట్టిగా కాదు, తాడుకి చెయ్యి తగిలిందేమో అనుకునేంత మెల్లగా. ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ హాల్లోకి పరిగెత్తారు. వెళ్ళి మంచం ముందు నిలబడ్డారు. ఎవరూ నోరెత్తలేదు. పిడుగు చేత్తో నోరు మూసుకుంది కూడా.

పెద్దావిడ ఒళ్ళో అట్ట ఉంది. చేతిలో తాడు ఉంది.

“నాకు భయంగా ఉంది,” అంది.

ఆ గొంతు వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు.

“కాజా తీసేటప్పుడు బ్లేడు పెడతాం. ఒక్క పోగు అవతల తెగినా ఇక ఆ గుడ్డ అతకదు. ఎంత కుట్టినా మచ్చే. నా బతుకంతా అదే పని చేశాను, నాకు తెలీదా? అలాంటిది నా కంట్లో పెడతారు. చెయ్యి తప్పితే? ఉన్న మసక కూడా పోతే?”

కొడుకు ఏదో అనబోయాడు. కోడలు ఆయన చెయ్యి గట్టిగా నొక్కింది.

“నిన్న పొద్దున అమ్మాయి డబ్బా పట్టుకుని వెళ్ళిపోతుంటే నాకు తెలిసిపోయింది, మర్చిపోయిందని. చెప్పొచ్చు. చెప్పలేదు. కుర్చీలో కూర్చున్నంతసేపూ గేటు వైపు చూస్తూ, ఎవరూ రాకూడదనే అనుకున్నా. ఎండ దాటాక ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత...” ఆవిడ ఆగింది. “ఆ తర్వాత నిజంగానే ఎవరూ రాలేదని ఏడుపొచ్చింది. అదేం బుద్ధో. రాకూడదనుకున్నదీ నేనే, రాలేదని ఏడ్చిందీ నేనే. మీ మీద అలిగితే ఇదంతా ఎవరూ అడగరని అలిగాను.”

పిడుగు చిటికెన వేలు ముడుచుకుంది. ఐదో ఎందుకుకి జవాబు దొరికింది.

“థాంక్స్ అత్తయ్యా,” అంది కోడలు.

“దేనికే?”

“తాడు లాగినందుకు.”

పెద్దావిడ మూతి వంకర తిప్పింది. కానీ ఆ మూలన నవ్వులాంటిది ఏదో ఉంది. కోడలు మంచం మీద, అత్తగారి పక్కనే కూర్చుంది. భయపడకండి అనలేదు. ఏమీ కాదు అని కూడా అనలేదు. అలా అంటే మనిషి మళ్ళీ మూసుకుపోతుందని ఆమెకి తెలుసు.

“భయం తగ్గాలంటే మేమేం చెయ్యాలి అత్తయ్యా?”

ఆవిడ తాడు కొస వేలికి చుట్టుకుంది. “నువ్వు పక్కనుంటే వస్తానేమో. కత్తి పెట్టేముందు డాక్టర్ని నువ్వు నాలుగు ప్రశ్నలు అడుగుతావు. నీకు ఒప్పితేనే పెట్టనిస్తావు. వీడొద్దు. వీడు నెత్తురు చూస్తే నాకంటే ముందు పడిపోతాడు. నన్ను వదిలేసి అందరూ వీణ్ణి పట్టుకోవాలి.”

“అది నిజమే,” అన్నాడు కొడుకు.

“కానీ నువ్వెక్కడొస్తావు? రేపు మీ పెద్దాళ్ళొస్తారటగా. నెల రోజుల నుంచి దానికోసమే చస్తున్నావు. అదీ తెలుసు నాకు. అందుకే రానన్నాను. ఇప్పుడు చెప్పేశాను కదా, పోయి మీ పని చూసుకోండి.” అట్టని పక్కన పెట్టేసింది.

గడియారం ఆరుకి దగ్గరపడుతోంది.

కోడలు ఆ అట్ట వైపు చూసింది. రేపు! ఇంకే రోజైనా బాగుండేది. ఆ సెక్షన్లో ప్రతి గీతా ఆమె గీసిందే. రేపు అక్కడ నిలబడి ఇది మేం చేశామని చెప్పాలని ఎంత ఆశపడింది! రాత్రిళ్ళు పెదాలు కదుపుతూ మాటలు కూడా నేర్చుకుంది. ఇంకెవరో ఆ మాటలు చెప్తారు. అంతస్తు కూడా ఇంకెవరికో పోవచ్చు. ఆ బాధ అబద్ధం కాదు.

పక్కన అత్తగారి చేతిలో తాడు ఇంకా ఉంది. ఈ వయసులో ఆవిడ లాగింది. సెక్షన్లో పిల్లలు లాగుతారు. తను? ఇన్నేళ్ళ ఉద్యోగంలో తను ఒక్కసారైనా లాగిందా? ఎంత జ్వరమొచ్చినా, ఎన్ని పనులు మీద పడ్డా, తోసుకుంటూ పోవడమే తప్ప.

లేచింది. ఫోను తీసుకుని వరండాలోకి నడిచింది.

“ఎవరికి?” అన్నాడు మొగుడు.

“మా మేనేజరుకి. మీరు ఆస్పత్రికి చెయ్యండి. కానీ ముందు అత్తయ్యని అడగండి.”

రెండు రింగులకే ఎత్తాడు మేనేజరు. వెనకాల లైను చప్పుడు వినిపిస్తోంది.

“చెప్పండమ్మా! అంతా రెడీయేనా రేపటికి?”

“సార్, రేపు నేను రాలేను.”

“ఏమంటున్నారు?”

“మా అత్తయ్యకి రేపు కంటి ఆపరేషను. నేను పక్కన ఉండాలి. లైను సిద్ధంగా ఉంది. చూపించడానికి నేనే అక్కర్లేదు, ఏ వస్తువు ఎక్కడుండాలో మా పిల్లల్లో ఎవరినడిగినా చెప్తారు. అలా ఉండాలనే కదా సార్ ఇదంతా చేసింది.”

“అది వేరు, ఇది వేరమ్మా. వాళ్ళొచ్చేది మిమ్మల్ని చూడ్డానికి. మీ ప్రమోషను...”

“తెలుసు సార్.” గొంతు వణికింది. వణకనిచ్చింది. “తాడు ఎవరైనా లాగొచ్చని మాకు మొదటిరోజు చెప్పింది మీరే. ఎవరికోసమో అనుకున్నా ఇన్నాళ్ళూ. ఇవాళ నేను లాగుతున్నాను.”

అవతల లైను చప్పుడు మాత్రం వస్తోంది.

లోపల్నుంచి మొగుడి గొంతు వినిపించింది. “అమ్మా, ఆరవుతోంది. నోటితో చెప్పక్కర్లేదు. ఆపమంటే ఊరుకో, ఒకటి కొట్టేశావుగా. కదలమంటే రెండు.”

కోడలు ఒక చెవి ఫోనుకి ఆనించి, రెండో చెవి ఇంట్లోకి పెట్టి నిలబడింది. నిన్న అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నది ఇక్కడే.

టంగుమంది. ఈసారి మెల్లగా కాదు.

ఇంట్లో ఎవరూ కదిలిన అలికిడి లేదు.

రెండో గంట మోగింది. వెంటనే “రైట్! రైట్!” అని పిడుగు పెట్టిన కేక వీధి చివరిదాకా పోయింది.

“ఏంటమ్మా ఆ గంట?” అన్నాడు మేనేజరు ఫోన్లో.

“మా ఇంటి లైను కదిలింది సార్,” అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ. “ఇక మీరు చెప్పండి.”